రెండో బ్రేకు

శుక్రవారం

రేపు ప్రయాణం. తోరణం చూడ్డానికి. దేశంలో ప్రతి నోటుపుస్తకం అట్ట మీదా ఉండే ఆ పెద్ద రాతి తోరణాన్ని నలభై నాలుగేళ్లొచ్చినా నేను చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. చెల్లి పట్టుబట్టింది. లైసెన్సు చేతికొచ్చి పది రోజులు కాలేదు, రెండు రోజుల దారి తనే నడుపుతుందట. "నువ్వు ఊరికే పక్కన కూర్చో అక్కా, చాలు," అంది.

పక్కన కూర్చోవడమే కదా నా బతుకు. పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ సీటు నాది. నా కాళ్ల దగ్గర ఇంకో క్లచ్చి, ఇంకో బ్రేకు. నా బ్రేకు నొక్కితే డ్రైవరు వైపు బ్రేకు కూడా దిగుతుంది. డ్రైవరు తనది నొక్కితే నాది కదలదు. ఈ ముక్క రోజుకు ఆరుగురికి చెప్పీ చెప్పీ చివరికి డైరీలో కూడా రాసేశాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు వెనకాల నన్ను బ్రేకు మేడమ్ అంటారు. అననీ. బస్సెక్కినా, సినిమా హాల్లో కూర్చున్నా నా కుడికాలు నేలను నొక్కుతూనే ఉంటుంది, అది నిజమే.

మా మరిది, చెల్లి మొగుడు, పోయి మూడు నెలలు. నా దగ్గర నేర్చుకుంటూ, నా పక్కనే, డ్రైవరు సీట్లో. మలుపులో లారీ ఎదురొచ్చింది. పోలీసులకు ఏం చెప్పానో ఇక్కడా అదే రాస్తున్నాను: అతను భయపడి బ్రేకు వేశాడు. కారు రోడ్డు మధ్యలో నిలిచిపోయింది. నేను వద్దు వద్దని అరిచాను, వినిపించుకోలేదు. అంతే. అమ్మకూ అదే చెప్పాను, చెల్లికీ అదే, వాళ్ల పాపకూ అదే.

లైసెన్సు రాగానే పాపను తోరణానికి తీసుకెళ్తానని అతను మాటిచ్చాడు. అందుకే చెల్లి ఈ పంతం. పాప మాత్రం రానంది. పదేళ్ల పిల్ల. "నాన్నకే భయమేసింది, నాకు వెయ్యదా పెద్దమ్మా?" అంది. అమ్మ దగ్గర వదిలి వెళ్తున్నాం.

ఆ కారు తుక్కు కింద పోయింది. రేపు మేం వెళ్లే, స్కూలుకున్న రెండో కారుకు పక్క పెడళ్లు లేకపోతే మెకానిక్ పాతదానివే విప్పి బిగించాడు. "బంగారంలాంటి సామాను మేడమ్, మీ వైపు గీత కూడా పళ్లేదు," అన్నాడు.

శనివారం, సాయంత్రం

మొదటి రోజే ఇలా ఏడిస్తే ఇంకేం చూస్తాం తోరణం!

ఊరు దాటి గంటయింది. రోడ్డు ఖాళీ. ఎదురుగా కుక్క లేదు, మనిషి లేడు. చెల్లి బాగానే నడుపుతోంది, నాకే కాస్త గర్వంగా ఉంది. ఉన్నట్టుండి కారు కీచుమని ఆగింది. నా నుదురు అద్దానికి కొట్టుకోబోయింది. వెనక కూరగాయల వ్యాను అంగుళంలో తప్పించుకుని, వాళ్ల డ్రైవరు మా ఏడు తరాలనూ పలకరించి పోయాడు.

"ఎందుకు ఆపావే?" అన్నాను.

చెల్లి నా వైపే చూస్తోంది. "నేను ఆపలేదు. నా కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. పక్కన బ్రేకు దానంతట అదే దిగిపోయింది. నువ్వే వేశావు."

"నాకేం పని లేదా?"

"నీ పని అదే కదా అక్కా."

నేను వెయ్యలేదు. నా కాలు ఎక్కడుందో నాకు తెలియదా? కింద చాప మీద ఉంది.

ఇంకో గంటకు టైరు పంక్చరు. జాకీ ఇంట్లో ఉంది. సామాను పట్టడం లేదని నిన్న నేనే తీసి గుమ్మం పక్కన పెట్టాను. ఊళ్లో అందరికీ "జాకీ లేకుండా గేటు దాటొద్దు" అని పాఠాలు చెప్పే మనిషిని! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అరగంట తర్వాత ఒక లారీ ఆయన ఆపి టైరు మార్చిపెట్టాడు. లారీ దగ్గరికొచ్చి ఆగేటప్పుడు చెల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆయన లోపలికి తొంగి చూసి నవ్వాడు. "రెండు బ్రేకులేంటమ్మా, ఒక ఒరలో రెండు కత్తులా? ఎవరి మాట వింటది బండి?"

ఇద్దరం నవ్వలేదు.

తర్వాత నేను కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాను. ఎవరూ నన్ను అనకుండా. నాలుగింటికి మళ్లీ ఆగింది, అలాగే. నేను కిందికి చూసేసరికి నా కుడికాలు కిందే ఉంది. కుదుపుకు జారి ఉంటుంది.

ఆదివారం, పొద్దున, లాడ్జిలో

కుడి అరికాల్లో, బొటనవేలి కింద, బొబ్బ లేచింది. కొత్త చెప్పులు.

ఆదివారం, మధ్యాహ్నం

చెప్పులు కొని రెండేళ్లయింది. ఊరికే రాశాను.

దారిలో షెడ్డు కనిపిస్తే బండి చూపించాం. మెకానిక్ ముసలాయన, పొట్ట మీద పడుకుని నా సీటు కింద దూరి టార్చి వేసి చూశాడు. కేబుల్ బిగువుగా ఉంది, స్ప్రింగు బాగుంది. "ఇది కాలు వేస్తే తప్ప దిగదమ్మా. గాలికి దిగేది కాదు," అన్నాడు. నా వైపు చూసి అన్నాడు. ఎందుకు నా వైపు చూడాలి? పెడల్ మీద రబ్బరు నడిమధ్య అరిగి ఇనుము కనిపిస్తోంది. పంతొమ్మిదేళ్లు తొక్కితే అరగదా?

"కేబుల్ విప్పేయమంటారా? గొడవ వదిలిపోతది," అన్నాడు.

నేను ఊఁ అనేలోపే చెల్లి, "వద్దండీ, ఉండనివ్వండి," అంది. గట్టిగా అంది.

"ఎందుకే వద్దు?"

"నేను కొత్త కదా. నువ్వు పక్కనుండి వెయ్యాల్సి రావొచ్చు."

అలా అంటూ నా కళ్లలోకి చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు తల తిప్పుకున్నానో నాకే తెలియదు. ఎండ మొహాన కొడుతోంది, అందుకే.

ఆదివారం, సాయంత్రం

దీన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి. రేపు చదువుకుంటే నాకే నమ్మకం కుదరదు.

దారి తప్పాం. చీలిక దగ్గర కుడికి పొమ్మన్నది నేను. ఊరు రావాల్సిన చోట రోడ్డు అయిపోయి, నీళ్లు లేని కాలువ వచ్చింది. అవతల కంచె. మనుషులెవరూ లేరు. ఇంకా బాగా వెలుతురుంది, ఐదు కూడా కాలేదు. బండి తిప్పాలి, చోటు ఇరుకు. నేను దిగి వెనక నిలబడి "రా, రా, ఇంకా రా" అంటున్నాను. చెల్లి రివర్సులో వస్తోంది. ఇంజను బొంగురుపోయేలా తొక్కుతోంది, బండి కదలదు. వెనక ఎర్ర దీపాలు వెలిగి ఉన్నాయి.

"బ్రేకు మీంచి కాలు తియ్యవే!" అని అరిచాను.

"వెయ్యలేదక్కా! నేను బ్రేకు వెయ్యలేదు!"

 ఎడమవైపు వెళ్లి కిటికీలోంచి చూశాను. నా సీటు ఖాళీగా ఉంది. నా నీళ్ల సీసా సీటు మీద నిలబడి ఉంది, ఒరగలేదు కూడా. కింద నా బ్రేకు అడుగుదాకా దిగి ఉంది.

నేను చూస్తుండగానే పైకి లేచింది. గబుక్కున కాదు, మెల్లగా. క్లాసు అయిపోయాక నేను కాలు తీసే తీరులో. ఎర్ర దీపాలు ఆరిపోయాయి. బండి ఒక్కసారి వెనక్కి దూకింది.

చెల్లి దిగింది. మొహం పాలిపోయి ఉంది. "చూశావా?" అంది.

"ఏం చూడాలి? స్ప్రింగు పట్టేసింది."

"ఆయన బాగుందన్నాడు కదా."

"ఆయనకేం తెలుసు, బోడి మెకానిక్! రేపు వెనక్కి పోదాం."

"పోయేది లేదు. చూసే పోదాం," అంది. చిన్నప్పుడు కూడా అంతే, పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

నాకు భయంగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా భయంగా ఉంది.

సోమవారం, పొద్దున

మరిది పిరికివాడు కాదని చెల్లి లాడ్జిలో పళ్లు తోముకుంటూ అంది. నేనేమీ అడగలేదు. అతను లిఫ్టులు బాగుచేసేవాడు. పన్నెండో అంతస్తులో ఒంటి తాడుకు వేలాడుతూ పాటలు పాడుకునేవాడట. "అలాంటి మనిషి లారీని చూసి భయపడ్డాడంటే నాకు మింగుడుపడదు అక్కా."

"అది వేరు, రోడ్డు వేరు," అన్నాను.

సోమవారం

పన్నెండింటి నుంచీ తోరణం ఆకారం మసగ్గా కనిపిస్తూనే ఉంది. ముందు కుడివైపు కనిపించింది, తర్వాత ఎడమవైపు, కాసేపు వెనక అద్దంలో కూడా కనిపించింది. ఎంత పోయినా అంతే దూరంలో ఉంది. మధ్యలో రేడియేటర్ పొంగింది. మూలిగే నక్క మీద తాటిపండు. గుక్కెడు నీళ్లు కూడా దాచుకోకుండా అన్నీ దానికే పోశాం.

బ్రేకు ఒక్కసారి కూడా దిగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

సోమవారం, అదే రోజు, ఆరింటికి

చెప్పేశాను.

వరసగా రాస్తాను. మూడింటికి చేరాం. తోరణం మొత్తానికీ గుడ్డ కప్పి ఉంది. పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ వల గుడ్డ, లోపల కర్రల పరంజాలు. ఒక్క రాయి కనిపించదు. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు.

"మరమ్మతులండీ. బోర్డు చూళ్లేదా?"

"ఎక్కడుంది బోర్డు?"

"గాలికి పడిపోయింది," అన్నాడు, తప్పు మాదే అన్నట్టు. "ఇంత దూరం వచ్చారు కాబట్టి మెట్ల దాకా పోండి. గుడ్డ ముట్టుకోకండి."

చెల్లికి నవ్వు ఆగలేదు. చావు తప్పి కన్ను లొట్టబోయి మూడు రోజులకు వస్తే, చూడాల్సింది ముసుగు తన్ని పడుకుంది! నేనూ నవ్వాను. మెట్ల మీద కూర్చున్నాం. చుట్టూ మైదానం, మేమిద్దరమే. గాలికి ఆ గుడ్డంతా ఒకేసారి లోపలికి పోయి, ఒకేసారి బయటికి ఉబ్బుతోంది. లోపల ఎవరో పెద్ద మనిషి నిద్రపోతున్నట్టుంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

చెల్లి నవ్వు ఆపి అంది, "అక్కా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"అడుగు."

"ఆస్పత్రిలో నాకో మాట చెప్పారు. నేను నీకు చెప్పలేదు. దెబ్బ తగిలేటప్పటికి ఆయన తల పూర్తిగా ఎడమవైపు తిరిగి ఉందట. ఆయన లారీని చూడనే లేదు. నిన్ను చూస్తున్నాడు."

నేను మెట్టు మీద మట్టిని గోటితో గీకుతున్నాను.

"ఎదురుగా లారీ వస్తుంటే, నీ మొహంలో చూసేంత ఏముంది అక్కా? మూడు నెలలుగా ఇదే. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. మీ ఇద్దరి మధ్య ఏముంది?"

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఛీ, నీకు మతిపోయిందా?" అన్నాను. "వాడు నా తమ్ముడిలాంటివాడే!"

"అందరూ అదే అంటారు. అలా కాకపోతే ఎందుకు చూశాడు? రోజూ పొద్దున్నే గంట, మీరిద్దరే, ఆ కారులో. నేను పిచ్చిదాన్నయ్యాను. ఈ దారి పొడుగునా నిన్నే గమనిస్తున్నాను. నువ్వేదో దాస్తున్నావు."

అప్పుడు నాకు తెలిసింది, నేనేం చేశానో. ఒక్క అబద్ధమే కదా అనుకున్నాను. పోయినవాడికి ఏం నష్టం అనుకున్నాను. అబద్ధం చెప్పి పిరికివాణ్ణి చేశాను, అది చాలక పెళ్లాం దృష్టిలో తప్పుడు మనిషిని చేశాను. నోరు తెరిస్తే చెల్లి నాకు ఉండదు. తెరవకపోతే ఆమెకు పోయిన మొగుడు కూడా మిగలడు.

"నేనే వేశాను," అన్నాను.

"ఏంటి?"

"బ్రేకు. అతను వెయ్యలేదు. నేను వేశాను. లారీ మలుపులో మా వైపు వచ్చేసింది. అతను చూశాడు, భయపడలేదు. స్పీడు తగ్గించకుండా పక్కకు కట్ కొట్టి దాటిపోబోయాడు. ఒక్క సెకను ఆగితే దాటేవాడే. నా కాలు దానంతట అదే..." ఆగాను. "కాదు. నేనే వేశాను. బండి మధ్యలో నిలిచిపోయింది. బ్రేకు దిగగానే నా వైపు చూశాడు. అంతేనే. ఇంకేమీ లేదు. ఒట్టు."

చెల్లి కొట్టలేదు, ఏడవలేదు. నేను క్లాసులో అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"స్పీడెంత?"

"నలభై ఐదు."

"చోటుందా?"

"ఉంది."

"నువ్వు వద్దు వద్దని అరిచానన్నావు."

"అరవలేదు."

"మరి నిన్నా మొన్నా ఆ బ్రేకు కూడా..."

"మొన్న ఆ రెండుసార్లూ నేనే అయ్యుంటాను. కాలవ దగ్గర మాత్రం నేను కాదు. అది నాకు తెలియదు, నమ్ము."

"నమ్ముతాను. బ్రేకు దిగినప్పుడల్లా నా తల కూడా నీ సీటు వైపే తిరిగింది. నేను తిప్పలేదు," అంది. ఫోను తీసి ఇంటికి కలిపి, స్పీకరు పెట్టి నా ఒళ్లో పడేసింది. "దానికి చెప్పు. నువ్వే చెప్పు."

పాప ఎత్తింది. "తోరణం చూశారా?"

"పాపా, మీ నాన్న బ్రేకు వెయ్యలేదమ్మా. నేను వేశాను. నేను మీకు అబద్ధం చెప్పాను."



"అయితే నాన్నకు భయం వెయ్యలేదా?"

"లేదమ్మా. నాకేసింది."

ఫోను ఎక్కడో పెట్టేసి పరిగెత్తిన చప్పుడు. ఇంట్లో గట్టిగా అరుస్తోంది, "అమ్మమ్మా! నాన్న కాదంట! నాన్న భయపళ్లేదంట!" అని. ఆ అరుపులో ఉన్నది సంతోషం.  తర్వాత అమ్మ గొంతు, "ఏంటే ఇది, ఏమంటోంది ఇది?" చెల్లి ఫోను కట్ చేసింది.

మంగళవారం, పొద్దున

 టీ తాగాక చెల్లి తాళాలు నా ముందు పెట్టింది. "నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటాను."

మంగళవారం, పదకొండింటికి, రోడ్డు పక్కన

అక్షరాలు కుదరడం లేదు. అయినా ఇప్పుడే రాయాలి.

డ్రైవరు సీట్లో నేను. ఎంతకాలమైందో ఇటు కూర్చుని. చెల్లి చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. "భయపడకు, నేనేం తొక్కను," అంది.  క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

గుట్ట దిగాక మలుపు. ఎదురుగా లారీ, గీత దాటి సగం మా వైపు. చోటుంది, దాటిపోవచ్చు. కాలు యాక్సిలరేటర్ మీద నొక్కాను. అప్పుడు నా కాలి పక్కన బ్రేకు దిగిపోయింది.

నా తల ఎడమకు తిరిగింది. నేను తిప్పలేదు. తిరిగింది.

మూడు నెలలుగా మరిది ఆఖరి చూపును మోస్తున్నాను. "నన్ను చంపేశావు" అన్నాడనుకున్నాను. ఇప్పుడు నేనూ అలా చూశాక తెలిసింది, అది కాదు. అంత తీరిక ఉండదు ఆ క్షణంలో. కోపం లేదు, ఏ నేరమూ మోపడం లేదు. నేర్చుకునేవాళ్లు ఏమీ తోచనప్పుడు పక్క సీటు వైపు చూస్తారు. పంతొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నారు. అదీ ఆ చూపు. ఇప్పుడేం చెయ్యాలి వదినా? అంతే అడిగాడు.

చెల్లి కాళ్లు సీటు మీదున్నాయో కింద ఉన్నాయో నాకు తెలియదు. నేను మొహం చూశాను, కాళ్లు చూడలేదు.

"ఎడమకు తిప్పు," అంది. అరవలేదు. మామూలుగా అంది. "ఎడమకు తిప్పక్కా."

తిప్పాను. బండి మట్టిలోకి దిగి, ముళ్లకంప గీరుకుని ఆగింది. లారీ హారన్ కొడుతూ పక్కనుంచి వెళ్లిపోయింది. ఇద్దరం బతికి ఉన్నాం. చెల్లి దిగి, దూరంగా రాయి మీద అటు తిరిగి కూర్చుంది.

ఒక్క మాట. దానికి సెకను కూడా పట్టలేదు. ఆ రోజు అతను నా మొహంలోకి చూసినప్పుడు ఆ ఒక్క మాట నేను అనలేదు. బ్రేకు తొక్కి పట్టి, నోరు మూసుకుని కూర్చున్నాను.